పద్నాలుగు గోలీలు

డాక్టరమ్మ చేతి తొడుగులు ఊడదీసి బక్కెట్లో పడేసి, "నజర్ హీ నహీ ఆ రహా" అంది. కనబడటమే లేదుట.

తెర పక్కన నిలబడ్డ సీతాలు అత్త మొహం చూసింది. బల్ల మీద కాళమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, చీర కుచ్చెళ్ళు రెండు గుప్పిళ్ళతో పట్టుకుని పడుకుని ఉంది. ఆమె కాళ్ళ దగ్గర ఒక స్టాండు మీద దుర్భిణి లాంటి యంత్రం, దాని దీపం ఇంకా వెలుగుతోంది. దుర్భిణి అంటే ఓడల వాళ్ళ మెడలో చూడటమే సీతాలు. అలాంటి దానితో ఆడమనిషి లోపల కూడా చూస్తారని ఈ రోజే తెలిసింది.

"ఏటంతంది?" అంది కాళమ్మ కళ్ళు తెరవకుండానే.

"కనబడ్లేదంట అత్తా."

"మంచిదే కదేటి. లేనిది ఎలా కనబడతాది?"

రెండు నెలల కిందట బంబూఫ్లాట్‌లో ఆడవాళ్ళకి క్యాంపు పెట్టినప్పుడు సీతాలే అత్తని బలవంతాన తీసుకెళ్ళింది. అక్కడ తీసిన పరీక్షలో కాళమ్మ గర్భసంచి మూతి దగ్గరి కణాల్లో ఏదో తేడా ఉందని చీటీ వచ్చింది. నొప్పి లేదు, వేరే బాధ లేదు. అందుకే ఇంట్లో ఆ చీటీని జబ్బు కింద ఎవరూ లెక్కవేయలేదు. సీతాలు కన్నతల్లి కూడా ఇలాగే, ఏ బాధా లేదని తిరుగుతూ తిరుగుతూ, జబ్బు ఒంట్లో సగం తినేశాక మంచం పట్టింది. సీతాలుకి అది గుర్తుంది. అందుకే ఫెర్రీ ఎక్కించి, పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రి దాకా అత్తని లాక్కొచ్చింది.

డాక్టరమ్మది మెయిన్‌లాండ్. ఆ యంత్రం దీవులకి కొత్త. దాంతో చూడటం వచ్చిన మనిషి ఇక్కడ లేకపోవడంతో ఒక్క నెల కోసం ఆవిడని పంపించారు. మనిషి నెమ్మది. సీతాలుకి హిందీ వచ్చని తెలిశాక కుర్చీ చూపించి, కాయితం మీద బొమ్మ గీసి చెప్పింది. గర్భసంచి మూతి దగ్గర రెండు రకాల చర్మం కలిసే గీత ఒకటి ఉంటుంది. జబ్బు పుట్టేది ఆ గీత మీదే. ముట్టు ఆగిపోయిన ఆడవాళ్ళలో ఆ గీత లోపలికి జరిగిపోతుంది. అది మొత్తం కనబడితేనే ఉందని అయినా చెప్పగలం, లేదని అయినా చెప్పగలం.

"ఈస్ట్రోజన్ అని ఒక మందు ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆడవాళ్ళ ఒంట్లో తనంత తానే ఊరేది, తరవాత తగ్గిపోయేది అదే. రోజుకి ఒక గోలీ చొప్పున పద్నాలుగు రోజులు వేసుకుంటే మూతి మెత్తబడి గీత బయటికి వస్తుంది. ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. పదిహేనో రోజు, వచ్చే మంగళవారం కాక ఆ పై మంగళవారం పొద్దున్నే రండి. బుధవారం నేను వెళ్ళిపోతాను."

"అప్పుడూ కనబడకపోతే?"

"మద్రాసు తీసుకెళ్ళాలి. మత్తు ఇచ్చి, ముక్క కోసి చూడాలి."

సీతాలు అత్త వైపు తిరిగింది. "గుల్ల మీద సెయ్యి వేస్తే లోపల పురుగు ముడుచుకుపోదా అత్తా? నీ లోపల అలాగయిందట. ఈ గోలీలు ఏసుకుంటే బయిటికొస్తాదట. అప్పుడు మళ్ళీ సూస్తారు."

"మళ్ళీ ఈ బల్లెక్కాలేటి?" అని నిట్టూర్చింది కాళమ్మ. "సర్లే. ఒకపాలి ఎక్కేను గదా."

మందుల చీటీ ఇస్తూ సిస్టర్ ఇంకో మాట చెప్పింది. ఈ గోలీల వల్ల కొందరికి రొమ్ములు సలుపుతాయి, ఒకటి రెండు చుక్కలు ఎరుపు కనబడొచ్చు. భయపడొద్దు, గోలీ ఆపొద్దు, వచ్చి నాకు చెప్పండి.

ఆ మాట ఒక్కటే సీతాలు తెలుగులో చెప్పలేదు.

కారణం ఉంది. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారమే గంగమ్మ పండగ. పసుపు రాసిన కుండలో చలిమిడి, వేపాకు పెట్టి, పైన దీపం వెలిగించి, ఆ ఘటాన్ని నెత్తిన పెట్టుకుని సముద్రంలో నడుము లోతు దాకా వెళ్ళి వదలాలి. అది వదిలితేనే వాళ్ళుండే హోప్ టౌన్‌లో తెలుగువాళ్ళ వలలు నీళ్ళలో పడతాయి. మెయిన్‌లాండ్‌లో సొంత ఊళ్ళలో అయితే ఘటం ఎత్తడానికి వేరే ఇంటివాళ్ళు ఉన్నారు. ఆ ఇంటివాళ్ళు ఎవరూ దీవులకి ఓడ ఎక్కలేదు. మొదట్లో వచ్చిన పెద్దలు ఇసకలో కూర్చుని ఆలోచించుకుని, ముట్టు ఆగి ఏడాది దాటిన ఆడమనిషి ఎత్తొచ్చని తీర్మానం చేసుకున్నారు. నలభై ఏళ్ళ నుంచి అదే కట్టుబాటు. తొమ్మిదేళ్ళుగా ఆ మనిషి కాళమ్మ. భర్త పోయాక పెళ్ళిళ్ళలో వెనక వరసలో కూర్చునే కాళమ్మ, ఆ ఒక్క రోజు అందరికంటే ముందు నడుస్తుంది. పోలీసు జవాన్లు కూడా దారి ఇస్తారు.

ఎరుపు అనే మాట చెవిన పడితే ఆమె మొదటి గోలీ కూడా ముట్టుకోదు. అందరికీ అలా అవ్వాలనేం లేదు కదా అనుకుంది సీతాలు. ఆ ఆశ మీదే గోలీలు మొదలుపెట్టించింది.

రోజూ అన్నం తిన్నాక గోలీ ఒకటి విడదీసి తనే అత్త చేతిలో పెట్టేది. కాళమ్మ దాన్ని నాలిక మీద వేసుకుని చెంబెడు నీళ్ళు తాగేది. మూడో రోజుకి ఆమె ముఖంలో ఏదో మార్పు వచ్చిందని సీతాలుకి అనిపించింది. నిజంగా వచ్చిందో, తనే అలా చూస్తోందో తెలియదు. నాలుగో రోజు చేపలు ఎండబెట్టేచోట పక్కింటి గవరమ్మ కూడా అదే అంది.

"ఏటి కాళమ్మొదినా, మొగం నిగనిగలాడతంది! కొత్త పెల్లికూతురివయ్యేవేటి?"

"నీకు కుళ్ళెందుకే? నువ్వూ పట్నం ఎల్లి గోలీలు తెచ్చుకో."

"నాకెందుకు గోలీలు? మా ఆయన ఇంకా ఉన్నాడు కదా" అని గవరమ్మ విరగబడి నవ్వింది. కాళమ్మ చేతిలో ఉన్న పచ్చి చేపని ఆమె మీదకి విసిరింది. ఆ పూటంతా ఇద్దరూ నవ్వుకుంటూనే ఉన్నారు. గవరమ్మకి కూడా ముట్టు ఆగి మూడేళ్ళయింది. కాళమ్మ తరవాత ఘటం ఆమెదే. ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తోందని కాళమ్మ అనుమానం.

ఆ సాయంత్రం కాళమ్మ జాకెట్టు హుక్కు సర్దుకుంటూ, గొంతు తగ్గించి, "రొమ్ములు సలుపుతన్నాయే. జోగులు కడుపున పడ్డప్పుడు ఇలాగే ఉండీది" అంది. సిగ్గుపడింది కూడా. సీతాలు నవ్వేసి, "మందు పన్జేస్తంది అత్తా" అంది.

ఆరో రోజు ఆదివారం. పొద్దున్నే కాళమ్మ వంటింట్లోకి రాలేదు. పొయ్యి దగ్గరకి వచ్చి టీ గ్లాసు అందుకోవాల్సిన మనిషి, పెరటి గుమ్మం అవతల, కొబ్బరి మట్టల గుట్ట మీద కూర్చుని ఉంది. సీతాలు దగ్గరకి వెళ్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"తాకకు. నాకు బయిటయిపోనాది."

"అది ముట్టు కాదత్తా. మందు వల్ల. సిస్టర్ సెప్పింది" అంది సీతాలు.

"ఎప్పుడు సెప్పింది?"

"అప్పుడే. నేనే నీకు సెప్పలేదు."

కాళమ్మ కోపగించుకోలేదు. అరిస్తే బాగుండేది. కోడలి వైపు చూసి, "మందు వల్ల వస్తే మాత్రం అది మరోటవతాదేటి? వొంట్లోంచి వొచ్చిందే కదా" అంది. "పదేళ్ళు, పదకొండేళ్ళు అయింది. మళ్ళీ లెగిసింది. గోలీ లేపింది."

"రెండు చుక్కలే కదా."

"రెండయితే గంగమ్మ ఊరుకుంటాదేటి? నా కొడుకు ఆ నీళ్ళ మీద ఉంటాడు."

సీతాలు ఏదో చెప్పబోయింది. తన మొగుడు జోగులు అప్పుడే ఇంటి ముందు డుంగీ పడవకి మేకులు కొట్టి తారు రాస్తున్నాడు. వాడి సుత్తి చప్పుడు, పాట రెండూ వినబడుతున్నాయి. కిందటేడు ఈ ఊరి పడవ ఒకటి వానల్లో వెళ్ళి తిరిగి రాలేదు. అందులో పోయిన అప్పలరాముడు జోగులుతో కలిసి చదువుకున్నవాడు. మందు సంగతి సీతాలుకి తెలుసు, డాక్టరమ్మ గీసిన బొమ్మ తెలుసు. అయినా ఆ సుత్తి చప్పుడు వింటూంటే నోట్లోంచి వచ్చిన మాట వేరే అయింది.

"పోనీ రెండ్రోజులు ఆపీ అత్తా. ఆగిపోయాక మళ్ళీ ఏసుకుందువుగాని."

సిస్టర్ ఆపొద్దనే చెప్పింది. వచ్చి చెప్పమంది. ఫెర్రీ గంటకి ఒకటి ఉంది. సీతాలు వెళ్ళలేదు. వెళ్తే ఎందుకని జోగులు అడుగుతాడు, జోగులుకి చెబితే పెద్దలకి చెప్పాలంటాడు, పెద్దలకి చెబితే ఘటం గవరమ్మ నెత్తికెక్కుతుంది. అత్త దగ్గర నుంచి ఆ ఒక్క రోజు లాక్కున్న కోడలిగా ఆ ఇంట్లో బతకాలి.

ఆ రోజూ, మర్నాడూ గోలీ లేదు. అత్తకి నడుం పట్టేసిందని చెప్పి, జోగులుకి వంట సీతాలే వండి పెట్టింది. మంగళవారం పొద్దున్నకి శుభ్రంగా ఉందని కాళమ్మ తలంటు పోసుకుని లోపలికి వచ్చింది. ఆ సాయంత్రం తనే చెయ్యి చాచింది. "ఇయ్యి గోలీ."

సీతాలుకి ఎంత బరువు దిగిందో! గోలీ తీసి చేతిలో పెట్టింది. కాళమ్మ దాన్ని పట్టుకుని, "నీళ్ళు సల్లగుంటాయి" అంటూ బయట అరుగు మీద కుండ దగ్గరకి వెళ్ళి తాగి వచ్చింది. తరవాత రోజూ అలాగే. సీతాలు వెనక వెళ్ళి చూడలేదు. చూడాలని అనిపించకపోవడం కాదు. చూస్తే ఏం కనబడుతుందోనని.

పండగ బాగా జరిగింది. కొత్త పసుపుపచ్చ చీరలో కాళమ్మ ఘటం ఎత్తుకుని ఇసక మీద నడుస్తూంటే డప్పులు ముందు వెళ్ళాయి. బెంగాలీ వాళ్ళు, తమిళం వాళ్ళు కూడా పిల్లలని ఎత్తుకుని వచ్చారు. ఆమె నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు, తొడలు, నడుము. దీపం ఆరలేదు. కుండ వదిలి రెండు చేతులూ జోడించి చాలాసేపు అక్కడే నిలబడింది. ప్రతి ఏడాది కంటే ఎక్కువసేపు. అల చెంగు తడిపేస్తోంటే చెంగుని గుప్పిట్లో పట్టుకునే నిలబడింది. "మా అమ్మ సూడు, రాణీ లాగ లేదూ?" అన్నాడు జోగులు. సీతాలు తల ఊపింది.

మంగళవారం ఇద్దరూ మొదటి ఫెర్రీకే వెళ్ళారు. ఈసారి కాళమ్మ బల్ల తనంతట తనే ఎక్కింది. డాక్టరమ్మ వంగి, దీపం సర్ది, చాలాసేపు చూసింది. ఏదో నీళ్ళ మందు అద్ది మళ్ళీ చూసింది. మళ్ళీ అద్దింది. సీతాలు ఆవిడ భుజాల వైపే చూస్తోంది. ఆ భుజాలు ఒక్కసారి కిందకి దిగాయి.

"అప్పటికీ ఇప్పటికీ ఏం తేడా లేదు" అంది డాక్టరమ్మ హిందీలో. "అన్నీ వేసుకున్నారా?"

సీతాలు అత్త వైపు చూసింది. కాళమ్మకి ఆ మాత్రం హిందీ తెలుసు. "సబ్ ఖాయా" అంది పైకప్పు వైపు చూస్తూ.

"పద్నాలుగూనా?" ఈసారి డాక్టరమ్మ సీతాలుని అడిగింది.

రెండు గోలీలు ఇంకా ఇంట్లో పోపుల పెట్టెలో ఉన్నాయి. అవి ఎందుకు మిగిలాయో చెబితే ఎవరు ఆపమన్నారని అడుగుతుంది. "నా చేత్తోనే ఇచ్చాను మేడమ్" అంది సీతాలు.

"రక్తం ఏమైనా కనబడిందా?"

"లేదు మేడమ్."

డాక్టరమ్మ కుర్చీలో కూర్చుని పెన్ను తీసింది. "కొంతమందికి ఈ మందు పనిచేయదు. మీ అత్తగారికి పనిచేయలేదు. ఇంకోసారి ఇచ్చి లాభం లేదు." ఆ మాటే కాయితం మీద కూడా రాసింది. కింద మద్రాసులో ఒక ఆసుపత్రి పేరు రాసి, సంతకం పెట్టి, "ఆలస్యం చెయ్యకండి" అంది.

ఛాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కాక అత్తాకోడళ్ళు రేవు వైపు బెంచీ మీద కూర్చున్నారు. పడవ కదిలింది. కాళమ్మ నీళ్ళ వైపు తిరిగింది. తరవాత చెంగు ముడి ముందుకు లాక్కుని, పళ్ళతో పట్టి విప్పింది. లోపల తెల్లటి ముద్ద. అంచులు పసుపురంగు. ఉప్పునీటికి నాని, ఒకదానికొకటి అతుక్కుపోయిన గోలీలు. పైన రెండు మాత్రం పొడిగా విడిగా ఉన్నాయి.

"ఏడు" అంది కాళమ్మ. "మళ్ళీ బయిటయితే ఎలాగని ఏసుకోనేదు. పారేడానికి సెయ్యి రానేదు, మందు కదా. పండగనాడు ఇంట్లో వొదిలితే నువ్వు సూస్తావని, ముడి ఏసుకునే నీళ్ళలో దిగేను. తల్లీ, ఘటమూ గోలీలూ రెండూ నీ ముందరే ఎట్టేనని సెప్పుకున్నాను."

సీతాలు ఆ ముద్ద మీదకి వంగింది.

"ఇప్పుడు ఘటం ఒదిలీసినాను గదా. మళ్ళీ ఏడాది దాకా బయిటయినా పరవానేదు." కాళమ్మ ఆ ముద్దని వేలితో విడదీయబోయింది. అది పొడి రాలింది. "ఇప్పుడు ఏసుకోనా? అన్నీ ఒకేసారి ఏసీసుకుంటే రేపటికి కనబడతాదా?"

"కనబడదత్తా."

"అడిగి సూడు ఒకపాలి."

బంబూఫ్లాట్‌లో అందరూ దిగారు. వాళ్ళిద్దరూ దిగలేదు. అదే ఫెర్రీలో మళ్ళీ ఛాథం వచ్చి, బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆ గదికి తాళం ఉంది. యంత్రానికి సిస్టర్ గుడ్డ ముసుగు వేసేసి, తాళంచెవి చేతిలో పట్టుకుని వరండాలో వస్తోంది. డాక్టరమ్మ మధ్యాహ్నమే గెస్ట్‌హౌస్‌కి వెళ్ళిపోయింది. సీతాలు గోడకి ఆనుకుని అంతా చెప్పింది. రెండు రోజులు ఆపమన్నది తనే అని కూడా చెప్పింది. కాళమ్మ పక్కన నిలబడి అరచేతిలో ముద్దని చూపిస్తూ ఉంది, ఆధారం లాగా.

సిస్టర్ తిట్టలేదు. "నేను రాత్రికి మేడమ్‌కి ఫోన్ చేసి చెబుతాను. ఆ కాయితం మీద రాసింది తప్పని రాయిస్తాను" అంది. "కానీ ఈ రోజు నుంచి మళ్ళీ వేసుకున్నా, పదిహేనో రోజుకి చూసేది ఎవరు? ఇక్కడెవరికీ అది చూడటం రాదు. ఇంకో డాక్టర్ని ఎప్పుడు పంపిస్తారో నాకూ తెలీదు. ఆరు నెలలో, ఏడాదో."

"ఏడాదంటే మళ్ళీ పండగొచ్చేస్తాది" అంది కాళమ్మ, కోడలితో, నెమ్మదిగా.

ఇల్లు చేరేసరికి జోగులు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. బుట్టలో కనాగంత చేపలు మెరుస్తున్నాయి. "అమ్మా! ఏటెత్తేవే ఘటం! నిన్నా ఇయ్యాళా ఒక్క వల ఖాళీగా రాలేదు. ఊరంతా నీ పేరే!" తల్లి రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. అప్పుడు గుర్తొచ్చి, "డాక్టర్ ఏటంది?" అని అడిగాడు.

సీతాలు మద్రాసు కాయితం చేతికి ఇచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు. జోగులు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మద్రాసు ఎల్లాలంట. తొందరగా" అంది సీతాలు.

"ఎల్దాం. ఎందుకెల్లం? సీజన్ ఇప్పుడే గదా మొదలయింది. నాలుగు నెల్లు పోనీ, ఓడ టికెట్లు తీస్తాను. ఇప్పుడు నొప్పేటీ లేదు కదమ్మా?"

"నాకేటి నొప్పి? ఏటీ నేదు" అంది కాళమ్మ.

సీతాలు భర్త మొహంలోకి చూసింది. ఇప్పుడు అంతా చెప్పాలి. చెబితే మొదట అడిగేది, బయటయిన మనిషి వారం తిరిగేసరికి ఘటం ఎలా ఎత్తిందని. ఆ తరవాత వాడు రోజూ ఆ నీళ్ళ మీదకి ఏ ధైర్యంతో వెళ్తాడు? "నాలుగు నెలలు వద్దు. వచ్చే ఓడకే ఎల్దాం" అంది. "అత్త సంగతి మా అమ్మ సంగతిలాగ అవకూడదు."

"అరే, నువ్వొకర్తివి. సూద్దాం అన్నాను కదా" అంటూ జోగులు కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, డుంగీ లైసెన్సు పుస్తకంలో దాచి, చేపల దగ్గరకి వెళ్ళిపోయాడు.

అన్నాలయ్యాక సీతాలు గిన్నెలు తీస్తూంటే కాళమ్మ పీట మీద నుంచి లేవలేదు. ఎప్పటిలా కుడిచెయ్యి చాచి, వెల్లకిలా పెట్టి, కోడలి వైపు చూస్తోంది.

"పెట్టెలో రెండు మిగిలేయి గదే. ఒకటియ్యి" అంది. "ఇక్కడే, నీ ముందరే ఏసుకుంటాను."

సీతాలు పోపుల పెట్టె తీసింది. ఆవాల పక్కన ఆ రెండూ ఉన్నాయి. ఒకటి విడదీసి అత్త చేతిలో పెట్టింది. కాళమ్మ నాలిక మీద వేసుకుని, నోరు పెద్దగా తెరిచి చూపించి, నీళ్ళు తాగి, మళ్ళీ నోరు తెరిచి చూపించింది.

ఈసారి సీతాలు ఆ నోట్లోకి చూసింది.